పెళ్లికి ముందే ఎగ్ ఫ్రీజింగ్: చెన్నైలో నా అనుభవం

నా రెండు ఓవరీల్లోనూ చాక్లెట్ సిస్టులు ఉన్నాయని ముప్పై ఒకటో ఏట తెలిసింది. నొప్పి మాత్రం ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉంది. నెల్లూరులో మేం చూపించుకున్న డాక్టర్లు మంచివాళ్లే. నొప్పి మాత్ర రాసిచ్చేవారు, వేడినీళ్ల సంచి పెట్టుకోమనేవారు, లేచి వచ్చేస్తుంటే అమ్మ వైపు తిరిగి "పెళ్లయితే అదే తగ్గిపోతుందిలేమ్మా" అనేవారు. చీటీలో రాయలేదన్న మాటే గానీ అసలు మందు అదే అన్నట్టుండేది.

ఉద్యోగం కోసం చెన్నై వచ్చాక కూడా అదే బతుకు. ఓఎంఆర్‌లో ఆఫీసు, వేళచ్చేరిలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాటు. నెలలో రెండు మూడు రోజులు 'వర్క్ ఫ్రం హోమ్' అని మెసేజ్ పెట్టి కాళ్లు ముడుచుకుని పడుకునేదాన్ని. ఒకసారి నొప్పితో పాటు వాంతులు ఆగకపోతే ఫ్లాట్‌మేట్ బలవంతాన హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. అక్కడ స్కాన్‌లో బయటపడింది. గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట, అంటే ఓవరీల మీదా పేగుల పక్కనా పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. నెలనెలా అది కూడా రక్తం విడుస్తుంది, ఆ రక్తానికి బయటికి దారి ఉండదు. ఓవరీలో పేరుకుని పాతబడి నల్లగా చిక్కబడితే అదే చాక్లెట్ సిస్టు. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు పది శాతం మందికి ఈ జబ్బు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదిమందిలో ఒకరికి ఉన్న జబ్బు పేరు అన్నేళ్లలో ఒక్కసారి కూడా నా చెవిన పడలేదంటే మొదట నేనే నమ్మలేదు.

రక్తపరీక్షల్లో సీఏ-125 ఎక్కువొచ్చింది. అది క్యాన్సర్ మార్కర్ అని ఇంటర్నెట్‌లో చూసి ఒక రాత్రంతా నిద్రపోలేదు. ఎండోమెట్రియోసిస్‌లో కూడా అది పెరుగుతుందని, దాన్ని ఒంటరిగా చూసి భయపడక్కర్లేదని మర్నాడు డాక్టర్ చెప్పేదాకా టెన్షనే.

మొదట చూసిన సర్జన్ సిస్టులు తీసేద్దామన్నారు. లాప్రోస్కోపీ, మూడు చిన్న రంధ్రాలు, రెండు రోజుల్లో ఇంటికి. తేదీ కూడా ఇచ్చేశారు. అంతా అయిపోయి లేవబోతుంటే, "పెళ్లి తొందరగా చేసుకో అమ్మా, మళ్లీ రాకముందే పిల్లల్ని కనేయ్" అన్నారు. ఈసారి నాకు నవ్వొచ్చింది. ఆపరేషన్ వల్ల ఓవరీకి ఏమవుతుందన్నది ఆయన చెప్పలేదు. అడగాలని నాకు అప్పటికి తెలియదు.

చెప్పింది నుంగంబాక్కంలో సెకండ్ ఒపీనియన్‌కి వెళ్లిన డాక్టరమ్మ. ఆవిడకి తెలుగొచ్చు, గూడూరు వైపు చుట్టాలున్నారట. రిపోర్టులన్నీ చూసి "ఏఎంహెచ్ చేయించారా?" అని అడిగారు. లేదన్నాను. "రెండు పక్కలా ఆపరేషన్ పెట్టుకుని ఏఎంహెచ్ చూడకపోతే ఎట్లా?" అని ఆవిడే విసుక్కున్నారు. సిస్టు గోడను ఒలిచి తీసేటప్పుడు దానికి అంటుకుని ఉన్న మంచి ఓవరీ పొర కూడా కొంత వచ్చేస్తుందట. ఆ పొరలోనే అండాలుంటాయి. ఒక పక్కన అయితే రెండోది ఆదుకుంటుంది, రెండు పక్కలా చేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. అందుకని పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆపరేషన్‌కి ముందే అండాలు తీసి భద్రపరుచుకునే సంగతి ఆలోచించాలి అన్నారు.

ఏఎంహెచ్ అంటే ఓవరీలో అండాలుండే చిన్న సంచుల నుంచి, అంటే ఫాలికిల్స్ నుంచి, వచ్చే ఒక హార్మోన్. నెలసరిలో ఏ రోజైనా రక్తం ఇచ్చి చూసుకోవచ్చు. ఎన్ని అండాలు మిగిలాయన్నదానికి అది ఒక అంచనా, అంతే. వాటి నాణ్యత చెప్పదు, సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నదీ చెప్పదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే పది నుంచి ఇరవై లక్షల అండాలతో పుడుతుంది, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. మిగతావన్నీ వాటంతటవే కరిగిపోతాయి. కొత్తవి తయారు కావు. నా ఏఎంహెచ్ 1.1 వచ్చింది. నా వయసుకి అది తక్కువే. మరీ కంగారుపడేంత కాదు గానీ, రెండు వైపులా కత్తి పెట్టించుకుని పోగొట్టుకునేంత మిగులు కూడా లేదు అన్నారు ఆవిడ.

ఇంట్లో చెప్పడం ఇంకో ఎత్తు. ఫోన్లో చెప్తే అమ్మ ముందు విన్నది 'పిల్లలు' అన్న మాట, తర్వాత విన్నది 'ఐవీఎఫ్ సెంటర్'. "పెళ్లి కాని పిల్ల అక్కడికి ఎందుకే?" అని మొదలుపెట్టి, ఎవరైనా చూస్తే, సంబంధాల వాళ్లకి తెలిస్తే, అంటూ అరగంట. మర్నాడు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగింది, సంచీలో గోంగూర పచ్చడితో సహా. ఆ సాయంత్రం డాక్టరమ్మ అమ్మతో చాలాసేపు మాట్లాడారు. అమ్మ మనసు మాత్రం ఇంకో మాట దగ్గర మెత్తబడింది. దక్షిణాదిలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ 1990లో ఈ చెన్నైలోనే పుట్టిందని, ఆ వైద్యం చేసిన డాక్టర్ కమలా సెల్వరాజ్ జెమినీ గణేశన్ కూతురని మాటల్లో వచ్చింది. "మన సావిత్రి భర్త కూతురా?" అంది అమ్మ. ఆ తర్వాత దాదాపు ఇంట్లోవాళ్ల సంగతి విన్నట్టే విన్నది. సైన్సు ఒప్పించలేనిదాన్ని సావిత్రి గారి చుట్టరికం ఒప్పించింది.

అసలు ఇబ్బంది స్కానింగ్ గదిలో మొదలైంది. అక్కడికి ఎన్నిసార్లు వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "కల్యాణం ఆయిడుచ్చా మా?" లేదంటే ఇంగ్లిష్‌లో "మ్యారీడా?" ఇందులో వైద్యానికి సంబంధించిన విషయం నిజంగానే ఉంది. ఓవరీలు బాగా కనపడాలంటే యోని ద్వారా స్కాన్ చేయాలి, దాన్ని టీవీఎస్ అంటారు. ఇంతవరకూ శారీరక సంబంధం లేనివాళ్లకి అది ఇబ్బంది కావచ్చు కాబట్టి పొట్ట మీద నుంచో, మలద్వారం వైపు నుంచో చేస్తారు. వాళ్లకి కావలసింది ఆ ఒక్క సమాచారం. దానికి పెళ్లితో ఏం పని? పెళ్లయినా సంబంధం లేనివాళ్లు ఉంటారు, పెళ్లి కాకపోయినా ఉన్నవాళ్లు ఉంటారు. నేను "కాలేదు" అనగానే అమ్మాయి ఇంకేం అడక్కుండా నీళ్లు తాగి బయట కూర్చోమంది. బ్లాడర్ నిండాక పొట్ట మీద స్కాన్ చేసి, రిపోర్టులో సరిగ్గా కనపడలేదని రాసింది. ఆ రిపోర్టుతో ఫాలికిల్స్ లెక్క తేలలేదు, రెండోసారి డబ్బు కట్టాల్సి వచ్చింది. నా సమాధానం ఏమిటో ఇక్కడ రాయను, అది చదివేవాళ్లకి అనవసరం. డాక్టరమ్మ మాత్రం తలుపు వేసి, అమ్మను బయట ఉండమని, సూటిగా అడిగారు. ఏ జవాబు చెప్పినా దానికి తగ్గ పద్ధతి ఉంది, మొహం మారదు అని ముందే చెప్పారు. పావు నిమిషంలో అయిపోయింది. ఇంత తేలికైన పనిని మిగతావాళ్లంతా పెళ్లి మీదకి ఎందుకు నెడతారో నాకు అర్థం కాదు.

ఆ స్కాన్ నెలసరి రెండో రోజో మూడో రోజో చేస్తారు. రెండు వైపులా ఎన్ని చిన్న ఫాలికిల్స్ ఉన్నాయో లెక్కపెడతారు. నాకు సిస్టులు అడ్డం పడి ఎడమ వైపు సగం కనపడలేదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు కూడా తప్పనిసరి, ఎందుకంటే మన అండాలు వేరేవాళ్లవి ఉండే ల్యాబ్‌లో ఉంటాయి.

తర్వాత సంతకాలు. ఒక కట్ట కాగితాలు. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల కోసం 2021లో చేసిన ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. సెంటర్‌కి దాని కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలి, నంబర్ గోడ మీదే ఉంటుంది. ఈ చట్టం ప్రకారం పెళ్లి కాని స్త్రీ కూడా ఈ చికిత్స తీసుకోవచ్చు, ఇరవై ఒకటి దాటి యాభై లోపు ఉంటే చాలు. కానీ సరోగసీ చట్టం వేరు. ఒంటరి స్త్రీలలో వితంతువులకీ విడాకులు తీసుకున్నవాళ్లకీ మాత్రమే, అదీ 35 నుంచి 45 ఏళ్ల మధ్యే వీలుంది. అంటే పెళ్లి కాని నేను అండాలు దాచుకోవచ్చు, నేనే మోయవచ్చు, గర్భసంచి మొరాయిస్తే మాత్రం ఇంకొకరి సాయం తీసుకోలేను. ఎండోమెట్రియోసిస్ ఉన్నదాన్ని కాబట్టి ఈ సంగతి ముందే తెలుసుకోవడం నాకు అవసరమనిపించింది. కాగితాల్లో నేను చనిపోతే అండాలను ఏం చేయాలన్న గడి కూడా ఉంది. అమ్మ పక్కన కూర్చుని ఉండగా ఆ గడి నింపడం కష్టమైంది. పారవేయమని టిక్ పెట్టి పేజీ తిప్పేశాను.

మామూలుగా నెలకి ఒక అండమే పక్వానికి వస్తుంది. ఆ నెలలో మొదలైన మిగతా ఫాలికిల్స్ మధ్యలోనే వాడిపోతాయి. రోజూ ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే అలా వాడిపోబోయేవి కూడా పెరుగుతాయి. కాబట్టి "ఇప్పుడే ఇన్ని తీసేస్తే తర్వాత తరిగిపోవా?" అని అమ్మ అడిగినదానికి జవాబు, లేదు. ఆ నెలలో ఎలాగూ పోయేవే ఇవి. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే చాలామందికి సగం భయం పోతుంది.

ఇంజెక్షన్లు పది పన్నెండు రోజులు, రోజూ ఒకే సమయానికి, బొడ్డు కింద పొట్ట చర్మంలో. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రిజ్ తలుపులో పెట్టకూడదు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. మా ఫ్లాట్ ఫ్రిజ్‌లో మధ్య అర నాకోసం ఖాళీ చేశారు. నర్సు ఒకసారి చేసి చూపించింది గానీ ఇంట్లో చేయి వణికింది. అప్పుడు నాన్న వీడియో కాల్‌లోకి వచ్చారు. ఆయన పదేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నారు. మా నాన్న నా ఎదురుగా నెలసరి అన్న మాట ఎప్పుడూ అనలేదు, టీవీలో ప్యాడ్ల ప్రకటన వస్తే ఛానల్ మార్చే మనిషి. ఆయన చొక్కా ఎత్తి, పొట్ట చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, "ఇట్టా పట్టుకో, నిన్న గుచ్చిన చోట గుచ్చొద్దు, మందు పోయినాక పది లెక్కపెట్టి సూది తియ్యి" అని చూపించారు. ఆ తర్వాత రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసేవారు. ఇంజెక్షన్ ఎందుకో ఒక్కసారి కూడా అడగలేదు. "అయిందా?" "అయింది నాన్నా." పెట్టేసేవారు.

ఐదారు రోజులయ్యాక ఇంకో ఇంజెక్షన్ కలుస్తుంది. అండాలు సమయానికి ముందే విడుదలైపోకుండా ఆపడానికి. అది వేసిన చోట ఎర్రగా దద్దురు లేచి దురద పెట్టేది, గంటలో తగ్గేది. ఈస్ట్రోజన్ పెరిగితే ఎండోమెట్రియోసిస్ రెచ్చిపోకుండా లెట్రోజోల్ మాత్రలు కూడా ఇచ్చారు. రెండు మూడు రోజులకోసారి స్కాన్, రక్తపరీక్ష. పొద్దున్నే ఏడింటికి వెళ్తే తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండేదాన్ని. చివరి రోజుల్లో పొట్ట ఉబ్బి జీన్స్ పట్టలేదు. స్కూటీ మీద వేళచ్చేరి గుంతలు దాటుతుంటే ప్రతి గుంతా ఓవరీకి తెలిసేది. ఆటోలకి మారాను. పీసీఓఎస్, అంటే ఓవరీల్లో చిన్న ఫాలికిల్స్ ఎక్కువగా ఉండే సమస్య, ఉన్నవాళ్లకి అవి మరీ ఎక్కువ పెరిగి, పొట్టలో నీరు చేరి ప్రమాదం కావచ్చట. దాన్ని ఓహెచ్ఎస్ఎస్ అంటారు. నాకు ఉన్నవే తక్కువ కాబట్టి ఆ భయం లేదన్నారు. లేమిలో దొరికిన లాభం.

ఫాలికిల్స్ పద్దెనిమిది మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక ట్రిగ్గర్ ఇంజెక్షన్. దీనికి మాత్రం నిమిషాల లెక్క. రాత్రి ఫలానా సమయం అని రాసిచ్చారు, అప్పటి నుంచి సుమారు 35, 36 గంటలకి అండాలు తీస్తారు. ముందైతే పక్వం కావు, ఆలస్యమైతే విడుదలైపోతాయి. అమ్మా, ఇద్దరు ఫ్లాట్‌మేట్లూ మూడు అలారాలు పెట్టారు.

అండాలు తీయడం గురించి రాయడానికి పెద్దగా లేదు, ఎందుకంటే మత్తులో ఉన్నాను. ఏమీ తినకుండా వెళ్లాను, పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోయిందట. స్కాన్‌లో చూసుకుంటూ యోని గోడ గుండా సన్నని సూది పంపి ఒక్కో ఫాలికిల్‌లోని ద్రవాన్ని లాగుతారు. నా విషయంలో సూది చాక్లెట్ సిస్టులకి తగలకుండా చూడాలి, తగిలితే ఇన్ఫెక్షన్ రావచ్చు, అందుకే ముందే యాంటీబయాటిక్ ఎక్కించారు. లేచాక నెలసరి మొదటి రోజు నొప్పిలా ఉంది. నాకు అది కొత్త కాదు కదా. పక్క మంచం మీదావిడ మూలుగుతుంటే నేను ఇడ్లీ ఎప్పుడిస్తారని అడిగానట.

సాయంత్రం ఎంబ్రియాలజిస్ట్ ఫోన్ చేసింది. ఎనిమిది వచ్చాయి, పరిపక్వమైనవి ఆరు, ఆరూ ఫ్రీజ్ చేశాం అంది. అమ్మ ఆరుగురు పిల్లలన్నట్టే విన్నది. నిజం అది కాదు. కరిగించేటప్పుడు కొన్ని పోతాయి, మిగిలినవాటిలో కొన్ని ఫలదీకరణ చెందవు, చెందినవాటిలో చాలావరకు ఐదో రోజుదాకా పెరగవు, పెరిగినవన్నీ గర్భసంచిలో నిలవవు. ఒక్కో మెట్టు దగ్గర తగ్గుతూ పోతుంది. మన వయసు 35 లోపు ఉంటే అవకాశం మెరుగు, తర్వాత అండాల సంఖ్యతో పాటు నాణ్యత కూడా పడిపోతుంది. ఒక బిడ్డ కోసం కనీసం పది పదిహేను పరిపక్వ అండాలుంటే కొంచెం ధైర్యంగా ఉండొచ్చు అన్నారు డాక్టరమ్మ. అందుకే కాస్త ఆగి మరో విడత చేశాం, రెండూ కలిపి పది దాటాయి. దీన్ని బీమా పాలసీలా అమ్మే ప్రకటనలు చూసినప్పుడు నాకు చిరాకు. పాలసీలో ఎంత వస్తుందో రాసి ఉంటుంది. ఇక్కడ ఎవరూ రాసివ్వరు, రాసిస్తే నమ్మొద్దు.

ఆ రోజుల్లో రాత్రుళ్లు చదివిన వాటిలో నన్ను పట్టుకున్నది కోల్‌కతా డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ సంగతి. ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టిన 70 రోజులకి, 1978 అక్టోబర్ 3న, ఆయన చేతుల మీదుగా మన దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ దుర్గ పుట్టింది. ఆయన వాడింది గడ్డకట్టించి దాచిన పిండాన్ని. అప్పటికి ప్రపంచంలో ఎవరూ అలా చేసి బిడ్డను చూడలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు, 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. తర్వాత ఎన్నో ఏళ్లకి గానీ గుర్తింపు రాలేదు. పిండం కన్నా అండాన్ని గడ్డకట్టించడం కష్టం. శరీరంలోకెల్లా పెద్ద కణం అదే, నిండా నీరు. నెమ్మదిగా చల్లబరిస్తే మంచు స్ఫటికాలు ఏర్పడి కణాన్ని చీల్చేస్తాయి. నీటిని తీసేసి రక్షక ద్రవం నింపి, క్షణంలో ద్రవ నైట్రోజన్‌లో ముంచే విట్రిఫికేషన్ వచ్చాకే ఇది నమ్మదగ్గ పని అయింది. 2012లో గానీ అమెరికన్ సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ మెడిసిన్ దీనిమీద 'ప్రయోగాత్మకం' అన్న ముద్ర తీయలేదు. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఈ జబ్బు బయటపడి ఉంటే నాకు ఈ దారి ఇంత తేలిగ్గా దొరికేది కాదు. ఇప్పుడవి మైనస్ 196 డిగ్రీల్లో ఉన్నాయి.

డబ్బు సంగతి. ఒక్క విడతకే మందులతో కలిపి రెండు లక్షలు దాటింది, అందులో ఇంజెక్షన్లదే పెద్ద వాటా. దాచినందుకు ఏటా అద్దె వేరు. కంపెనీ ఇన్సూరెన్స్ సర్జరీకి ఇచ్చింది, దీనికి పైసా ఇవ్వలేదు. ప్యాకేజీ ధర అడిగేటప్పుడు మందులు అందులో ఉన్నాయా, మొదటి ఏడాది అద్దె ఉందా, సెంటర్ మూసేస్తే అండాలు ఎక్కడికి వెళ్తాయి, ఈ మూడూ కాగితం మీద అడగండి. మూడోది అడిగితే కౌంటర్‌లో అమ్మాయి లోపలికెళ్లి మేనేజర్ని తీసుకొచ్చింది.

సర్జరీ ఆ తర్వాతే చేయించుకున్నాను. బాగానే జరిగింది. కొన్ని నెలలాగి చూస్తే ఏఎంహెచ్ 0.6. ముందే చెప్పారు కాబట్టి కూర్చుని ఏడవలేదు. సిస్టులు మళ్లీ రాకుండా రోజూ డైనోజెస్ట్ మాత్ర వేసుకుంటున్నాను, నొప్పి చాలా తగ్గింది, నెలసరే దాదాపు ఆగింది.

సంబంధాలు చూస్తూనే ఉన్నారు. చెప్పాలా వద్దా అని అమ్మ, పిన్ని పెద్ద చర్చ పెట్టారు. పెళ్లి కుదిరేదాకా వద్దని పిన్ని. మొదటి మాటల్లోనే చెప్తానని నేను, నెగ్గింది నేనే. ఒంగోలు సంబంధం వాళ్లకి చెప్తే మళ్లీ ఫోన్ రాలేదు. మొన్న ఇంకొకతనితో అడయార్‌లో కాఫీకి వెళ్లి చెప్పాను. ఏం అడుగుతాడా అని చూస్తుంటే, నొప్పి ఇప్పుడెలా ఉందని అడిగాడు. తర్వాత ఏడాదికి అద్దె ఎంత అన్నాడు. చెప్పాను. లాకర్ కన్నా ఎక్కువేనే అన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ కలుస్తున్నాం.